బహుమతి దేనికి? ఎవరికి? ఎప్పుడు?

ఉద్యోగుల ప్రోత్సాహక పథకాలపై పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు

ఒకే సందేహాన్ని నలుగురైదుగురు వేర్వేరుగా అడిగిన చోట ప్రశ్నల్ని కలిపేశాం. ఊరు, పేరు వేయవద్దని చాలామంది కోరారు కాబట్టి అడిగినవారి హోదా మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మా సంస్థలో 40 మంది ఉన్నారు. బాగా పనిచేసేవాళ్లకి ఏదైనా ఇవ్వాలని ఉంది. ఇంతవరకూ అలాంటిదేమీ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంత ఖర్చుపెట్టాలి?
– ఒక చిన్న సంస్థ యజమాని

ఏమివ్వాలన్నది చివర్లో ఆలోచించవచ్చు. దేనికివ్వాలో ముందు తేల్చుకోండి. ‘బాగా పనిచేసేవాళ్లకి’ అని రాశారు కదా, చాలా పథకాలు చెడేది ఆ మాట దగ్గరే. బాగా పనిచేయడం అంటే మీ లెక్క ఒకటి, సూపర్‌వైజర్ లెక్క ఇంకొకటి, పనిచేసే మనిషి లెక్క మరొకటి. మూడూ కలవనప్పుడు బహుమతి ఎవరికిచ్చినా మిగతా 39 మందికి అది పక్షపాతంగానే కనిపిస్తుంది.

అంతకంటే ముందు ఒక పరీక్ష ఉంది. జీతాలు చెప్పిన తేదీకి పడుతున్నాయా? ఓవర్‌టైమ్ లెక్క సరిగ్గా వస్తోందా? సెలవు అడిగినవాళ్లకి మర్యాదగా జవాబు దొరుకుతోందా? వీటిలో ఏ ఒక్కదానికి ‘లేదు’ అని వచ్చినా పథకాన్ని పక్కనపెట్టి ఆ డబ్బు ముందు అక్కడ ఖర్చుపెట్టండి. జీతం, పని పరిస్థితులు, పైవాళ్ల తీరు సరిగా లేకపోతే మనిషి విసిగిపోతాడు; అవి సరిగా ఉన్నంతమాత్రాన ఉత్సాహం రాదు, దానికి సాధించిన తృప్తి, గుర్తింపు కావాలి అని ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త 1959లోనే చెప్పాడు. ఆయన పరిశోధన పద్ధతిని తర్వాత చాలామంది తప్పుపట్టారు. అయినా జీతం ఆలస్యమయ్యే చోట బహుమతి ఇస్తే అది వెక్కిరింపులా ఉంటుందని తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు.

ఇక పథకం. రెండు పనులు ఎంచుకోండి, మహా అయితే మూడు. ఒక్కోదాన్నీ ఎవరు చూసినా అవునో కాదో చెప్పగలిగేలా రాయండి. ‘కస్టమర్‌కి మంచి సేవ’ అని కాదు, ‘వచ్చిన ఫిర్యాదును 24 గంటల్లో పరిష్కరించడం, అదే ఫిర్యాదు 30 రోజుల్లోపు మళ్లీ రాకుండా చూడటం’ అని. ఈ వాక్యంలో రెండు కొలతలున్నాయి. మొదటిది వేగానిది, రెండోది ఆ వేగం కోసం పని చెడగొట్టకుండా కాసేది. ప్రతి కొలతకీ ఇలాంటి కాపలా కొలత ఒకటి ఉండాలి. ఉత్పత్తి సంఖ్యకి రీవర్క్ (తప్పొచ్చి మళ్లీ చేయాల్సిన పని) శాతం, అమ్మకాలకి వాపసొచ్చిన సరుకు, తీసుకున్న కాల్స్ సంఖ్యకి అదే కస్టమర్ మళ్లీ చేసిన కాల్స్. కాపలా కొలత గీత దాటితే అసలు కొలత ఎంత పెరిగినా బహుమతి లేదని నిబంధనల్లోనే రాసిపెట్టండి. తర్వాత చేరిస్తే అది గొడవ అవుతుంది.

ఖర్చు సంగతి. గుర్తింపు పథకాలకి చాలా సంస్థలు మొత్తం జీతాల బిల్లులో 1 నుంచి 2 శాతం కేటాయిస్తాయి. మీరు 1 శాతంతో మొదలుపెట్టండి. 40 మంది జీతాల్లో 1 శాతం అంటే ఒక సగటు ఉద్యోగి నెల జీతంలో 40 శాతం. నెలకి 25 పనిదినాలు అనుకుంటే 10 రోజుల జీతం. దాన్ని ఇలా పంచవచ్చు. 5 రోజుల జీతాన్ని అప్పటికప్పుడు ఇచ్చే చిన్న బహుమతులకి, ఒక్కోటి అరరోజు జీతం చొప్పున. అంటే నెలకి 10 మంది, సగటున ఒక్కో మనిషికి నాలుగు నెలలకోసారి. 3 రోజుల జీతాన్ని జట్టు బహుమతికి పక్కన పెడితే మూడు నెలలకి 9 రోజుల జీతం పోగవుతుంది. మిగిలిన 2 రోజులది ఏడాదికి 24 రోజుల జీతం. సంవత్సరాంతపు పెద్ద బహుమతులు, వివాదాల్లో దిద్దుబాట్లు అందులోంచి. అంకెలు మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి గానీ సగానికి తక్కువ కాకుండా చిన్నవాటికే ఉంచండి. ఏడాదికోసారి వచ్చే పెద్ద బహుమతి కోసం ఫిబ్రవరిలో ఎవరూ పని తీరు మార్చుకోరు.

నిర్ణయించేది ఎవరు? చిన్న బహుమతిని సూపర్‌వైజర్‌కే వదిలేయండి. పని జరిగిన 7 రోజుల్లోపు ఇవ్వాలి, ఎందుకిచ్చారో ఒక వాక్యం రాయాలి, అంతే. పై సంతకం కోసం మూడు వారాలు ఆగిన బహుమతి అందేసరికి తీసుకునే మనిషికే అది దేనికో గుర్తుండదు. జట్టు బహుమతిని అంకెలే నిర్ణయించాలి, మనుషులు కాదు. సంవత్సరాంతపు దానికి ఐదుగురి సంఘం పెట్టండి. అందులో ఇద్దరిని ఉద్యోగులే ఎన్నుకోవాలి, సభ్యులెవరూ ఆ ఏడాది బహుమతికి పోటీలో ఉండకూడదు.

నిబంధనలు ఒక్క కాగితం దాటకూడదు. అందులో తప్పనిసరిగా ఉండాల్సినవి: ఎవరు అర్హులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అంకెలు ఏ రిజిస్టర్ నుంచి లేదా ఏ రిపోర్టు నుంచి తీసుకుంటారు, ఎవరు తేలుస్తారు, అభ్యంతరం ఉంటే ఎన్ని రోజుల్లో ఎవరికి చెప్పాలి, పథకం ఎప్పుడు ముగుస్తుంది. అర్హత దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు, పార్ట్‌టైమ్ వాళ్లు, నోటీసు కాలంలో ఉన్నవాళ్లు, ప్రసూతి సెలవులో ఉన్నవాళ్లు, వీళ్లందరి గురించీ మొదటే రాయండి. పక్కపక్క బల్లల మీద ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు కాంట్రాక్టు అని మినహాయిస్తే ఆ మనిషి ఉత్సాహంతో పాటు పక్క మనిషి సంతోషం కూడా పోతుంది.

మొదట ఒక్క విభాగంలో 90 రోజులు నడిపి చూడండి. అందరికంటే ముందున్నదాన్నీ, అందరికంటే వెనకున్నదాన్నీ వదిలి మధ్యలో ఉన్న విభాగాన్ని తీసుకోండి. ఈ నెల మరీ బాగా చేసినవాళ్లు వచ్చే నెల కాస్త తగ్గడం, మరీ వెనకబడ్డవాళ్లు కాస్త పుంజుకోవడం ఏ పథకమూ లేకపోయినా జరిగేదే. ఆ మార్పుని పథకం ఖాతాలో వేస్తే మోసపోతారు. ప్రయోగానికి ముందు మూడు నెలల అంకెలు చేతిలో ఉండాలి. లేకపోతే పెరిగినది పథకం వల్ల పెరిగిందో, సీజన్ వల్ల పెరిగిందో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: నగదు ఇస్తే మంచిదా, వస్తువు ఇస్తే మంచిదా? అడిగితే అందరూ నగదే అంటున్నారు.
– ఒక హెచ్‌ఆర్ అధికారి

అడిగితే నగదే అంటారు. మనుషులు కోరుకునేదీ, వాళ్లని కదిలించేదీ ఎప్పుడూ ఒకటే కాదని 2012లో కూబె, మరెషాల్, పుప్పే అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రచురించిన ప్రయోగం చూపించింది. జర్మనీలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మూడు గంటల జాబితా నమోదు పనికి విద్యార్థుల్ని తీసుకున్నారు, గంటకి 12 యూరోలు. పని మొదలయ్యే ముందు కొందరికి అదనంగా 7 యూరోలు, కొందరికి అంతే ఖరీదు చేసే థర్మాస్ సీసాను అందంగా చుట్టి ఇచ్చారు. నగదు అందుకున్నవాళ్ల పనిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. సీసా అందుకున్నవాళ్లు దాదాపు 25 శాతం ఎక్కువ పని చేశారు. అయితే సీసాలో మహిమేమీ లేదు. నోటును చొక్కా ఆకారంలో మడిచి ఇచ్చినప్పుడు కూడా పని అలాగే పెరిగింది. అవతలివాళ్లు నా కోసం కాస్త సమయం పెట్టారు అన్న భావనే పనిచేసిందన్నమాట.

దీన్ని పట్టుకుని నగదు మానేయకండి. అది మూడు గంటల పని, అనుకోకుండా వచ్చిన కానుక. ముందే ప్రకటించిన టార్గెట్ సాధిస్తే ఇచ్చేది నగదుగానే ఉండాలి. అది కానుక కాదు, బాకీ. జీతం తక్కువగా ఉండి నెలాఖరుకి ఇబ్బందిపడేవాళ్ల విషయంలో కూడా నగదే మర్యాద. ప్రకటించకుండా, ఒక పని చూసి మెచ్చి ఇచ్చేదానికి వస్తువు, సెలవు, మనిషిని బట్టి ఎంచినది నప్పుతుంది. నగదు ఇచ్చినా జీతంతో కలిపి ఖాతాలో వేయకండి. జీతం చీటీలో ఒక వరుసగా మారిన బహుమతిని మూడో నెలకల్లా ఎవరూ చూడరు, ఆగిపోయినప్పుడు మాత్రం చూస్తారు.

వస్తువుల దగ్గర జరిగే పొరపాట్లు: అందరికీ ఒకే వస్తువు, చొక్కాల సైజు అడక్కుండా కొనడం, సంస్థ ముద్ర పెద్దగా వేసి ప్రచార సామగ్రిలా మార్చడం, రెండు నెలల్లో గడువు తీరే వోచర్లు. నాలుగు వస్తువుల్లోంచి ఎంచుకోమనడం తేలికైన మందు.

పన్ను మరిచిపోవద్దు. చాలా దేశాల్లో నగదు బహుమతినీ, గిఫ్ట్ కార్డునీ జీతంలో భాగంగానే చూస్తారు. మీ అకౌంటెంట్‌ని అడిగాకే ప్రకటించండి. ఉద్యోగి చేతికి పూర్తి మొత్తం అందాలంటే పన్ను సంస్థే భరించాలి. దానికి లెక్క ఇది: చేతికి 100 రావాలి, పన్ను 20 శాతం అయితే 100ని 0.80తో భాగించాలి, 125 అవుతుంది. 120 అనుకుని బడ్జెట్ వేసేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: మా దగ్గర ‘ఈ నెల ఉత్తమ ఉద్యోగి’ పథకం ఉంది. 60 మందిలో ఒకరి ఫొటో బోర్డు మీద పెడతాం. ఇప్పుడది వంతుల వారీగా తిరుగుతోంది. ఎవరికీ పట్టడం లేదు. ఏం చేయాలి?
– ఒక విభాగం మేనేజర్

వంతులవారీ అవడం సూపర్‌వైజర్ల బద్ధకం కాదు, ఆత్మరక్షణ. 60 మందిలో ఒక్కరిని ఎంచమని, దేని ఆధారంగా ఎంచాలో చెప్పకపోతే గొడవ లేని దారి వంతులే. వంతులు వేయకపోతే ‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే’ అన్న మాట పడాల్సి వస్తుంది. ఏదెంచుకున్నా నష్టమే.

విక్టర్ వ్రూమ్ 1964లో ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని మూడు ప్రశ్నలుగా మార్చుకుంటే మీ పథకంలో రోగం ఎక్కడుందో తెలుస్తుంది. నేను కష్టపడితే ఫలితం మెరుగుపడుతుందా? ఫలితం మెరుగుపడితే బహుమతి నాకొస్తుందా? వచ్చే బహుమతి నాకు విలువైనదేనా? ఈ మూడూ కూడికలు కావు, గుణకారాలు. ఒక్కటి సున్నా అయితే మొత్తం సున్నా. మీ దగ్గర రెండోది సున్నా: ఎంత చేసినా వంతు రానిదే రాదు, వంతు వస్తే ఏమీ చేయకపోయినా వస్తుంది. బోర్డు రంగు మార్చి, ఫొటో పెద్దది చేసి మూడోదాన్ని పెంచుతూ పోతే లాభం లేదు.

మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ‘ఉత్తమ’ను తీసేసి ‘గీత’ పెట్టడం. గీత దాటినవాళ్లందరికీ గుర్తింపు, ఈ నెల ఇద్దరైనా, పదిహేనుమంది అయినా. రెండోది, పోటీని చిన్న గుంపుల్లోకి తేవడం. 2016లో ప్రచురితమైన ఒక క్షేత్ర ప్రయోగంలో తాత్కాలికంగా తీసుకున్న 300 మందికి పైగా డేటా ఎంట్రీ చేసేవాళ్లని ఎనిమిదేసి మంది గుంపులుగా చేశారు. కొన్ని గుంపుల్లో మొదటి ముగ్గురికే ధన్యవాదాల కార్డు ఇచ్చారు. ఆ గుంపుల్లో పని బాగా పెరిగింది, అందులోనూ ఎక్కువ పెరిగింది కార్డు రానివాళ్లది. ఎనిమిదిలో ముగ్గురంటే అందుబాటులో ఉన్న దూరం. అరవైలో ఒకరంటే అది లాటరీ.

ప్రతిపాదన ఫారం మూడు పంక్తులు చాలు: ఏం చేశారు, ఏ రోజున, ఎవరికి ఏం ఉపయోగపడింది. తేదీ లేని ప్రతిపాదనను తీసుకోవద్దు. ‘ఎప్పుడూ సహకరిస్తారు, చాలా మంచివారు’ లాంటివి ఈ ఒక్క నియమంతో రాలిపోతాయి. మెయింటెనెన్స్, స్టోర్స్, అకౌంట్స్ లాంటి విభాగాలకి ఈ ఫారం అన్యాయం చేస్తుంది. అక్కడ పని బాగా జరిగిందంటే ఏమీ జరగలేదని అర్థం. వాళ్లకి వేరే గీత పెట్టండి, ఉదాహరణకి ప్రణాళిక ప్రకారం పూర్తిచేసిన ముందస్తు తనిఖీల శాతం.

మూడు నెలలకోసారి ఇచ్చినవాటి జాబితా తీసి షిఫ్టువారీగా, విభాగంవారీగా, ఆడ మగ వారీగా, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఆఫీసులో పనిచేసేవాళ్లు అని విడదీసి చూడండి. రాత్రి షిఫ్టులో మూడో వంతు మంది ఉండి బహుమతుల్లో వాళ్ల వాటా పదో వంతు కూడా లేకపోతే కారణం వాళ్ల పని కాదు, మేనేజర్లు పగలు మాత్రమే ఉండటం. ఒక్కటీ ఇవ్వని సూపర్‌వైజర్ పేరు కూడా ఆ జాబితాలోనే దొరుకుతుంది.

ప్రశ్న: సెలవు పెట్టకుండా, ఆలస్యం కాకుండా వచ్చినవాళ్లకి నెలనెలా బహుమతి పెడదామనుకుంటున్నాం. సబబేనా?
– ఒక ఉత్పత్తి యూనిట్ ఇన్‌చార్జ్

మా సలహా, వద్దు. అమెరికాలో బట్టలుతికే ఐదు ప్లాంట్లున్న ఒక సంస్థ మీద గబ్లర్, లార్కిన్, పియర్స్ చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. ఒక ప్లాంటులో మాత్రమే హాజరు బహుమతి పెట్టారు. ఆలస్యంగా వచ్చే అలవాటున్నవాళ్లు మెరుగుపడ్డారు, కానీ ఆ నెల అర్హత ఉన్నంతవరకే. ఒకసారి ఆలస్యమై అర్హత పోయాక మళ్లీ మామూలే. అంతకుముందు ఏ బహుమతీ లేకుండానే వేళకి వచ్చేవాళ్లు కూడా అర్హత పోయిన నెలల్లో నెమ్మదించారు. వాళ్లకి తమ అలవాటుకి అంతవరకూ లేని ఒక ధర కనిపించింది, ఆ ధర అందనప్పుడు అలవాటూ సడలింది. మొత్తంమీద ఆ ప్లాంటు ఉత్పాదకత 1.4 శాతం పడిపోయింది.

ఇంకో చిక్కు, జ్వరంతోనూ పనికి వస్తారు. పక్కవాళ్లకి అంటిస్తారు. నిజంగా జబ్బుపడినవాళ్లు, పసిపిల్లల తల్లులు నెల మొదట్లోనే ఓడిపోతారు. ఆలస్యాలు ఎక్కువగా ఉంటే ముందు రెండు నెలల ఆలస్యాల్ని వారంలోని రోజు, షిఫ్టు, వచ్చే దారి ప్రకారం విడదీయండి. చాలా చోట్ల తేలేది బస్సు వేళా షిఫ్టు వేళా కలవకపోవడమే. షిఫ్టును పావుగంట జరపడం, ముందురోజు చెప్పి షిఫ్టు మార్చుకునే వీలు ఇవ్వడం బహుమతి కంటే చవక.

ప్రశ్న: మా సేల్స్ టీమ్‌కి నెల టార్గెట్ 100 శాతం చేరితేనే ఇన్సెంటివ్. నెలాఖరున హడావుడి, మొదటి వారంలో నిద్ర. కొందరు ఆర్డర్లు దాచి వచ్చే నెల చూపిస్తున్నారని అనుమానం.
– ఒక సేల్స్ మేనేజర్

అనుమానం కాదు, మీ నియమం వాళ్లని చేయమంటున్నది అదే. 99 శాతానికి సున్నా, 100కి మొత్తం అన్నప్పుడు 20వ తేదీకి 60 శాతం దగ్గర ఉన్న మనిషి ఈ నెల వదిలేసి చేతిలో ఉన్న ఆర్డర్లు వచ్చే నెలకి దాచుకోవడమే తెలివైన పని. 100 దాటినవాళ్లకి కూడా అంతే.

ఈ నిట్టనిలువు మెట్టును వాలుగా మార్చండి. ఉదాహరణకి 70 శాతం వరకు ఏమీ లేదు, అక్కడి నుంచి ప్రతి ఒక శాతానికీ ఒక భాగం. 85 శాతం చేస్తే 15 భాగాలు, 100 చేస్తే 30 భాగాలు, 110 చేస్తే 40. పైన మూత పెట్టకండి, మూత పెట్టిన చోట అమ్మకం ఆగుతుంది. ఖర్చు భయముంటే 130 దాటాక భాగాన్ని సగం చేయండి. చెల్లింపు ఆర్డరు రాసినప్పుడు కాదు, డబ్బు వసూలైనప్పుడు. 60 రోజుల్లో సరుకు వాపసొస్తే ఆ మేరకు తర్వాతి చెల్లింపులో కోత. నెల లెక్క కాకుండా గడిచిన మూడు నెలల సగటును ఆధారం చేసుకుంటే దాచుకోవడంలో లాభం చాలావరకు పోతుంది. ఇంకొకటి: ఈ ఏడాది బాగా చేసినవాళ్ల టార్గెట్‌ను వచ్చే ఏడాది అంతే పెంచకండి. అలా చేస్తే బాగా చేయడం శిక్ష అవుతుంది, జట్టు ఆ సంగతి ఒక్క ఏడాదిలో నేర్చుకుంటుంది.

టార్గెట్ ఒత్తిడి ఎంతదూరం పోతుందో చూడాలంటే అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఉంది. ఒక్కో కస్టమర్ కుటుంబానికి ఎనిమిది ఉత్పత్తులు అమ్మాలన్నది అక్కడి లక్ష్యం. సిబ్బంది కస్టమర్లకి తెలియకుండానే ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, అప్పటికే దాదాపు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఖాతాల సంఖ్యకి పక్కన ‘ఆరు నెలల తర్వాత ఆ ఖాతా వాడుకలో ఉందా’ అన్న ఒక్క కాపలా కొలతకి బరువిచ్చి ఉంటే దొంగ ఖాతాకి విలువే ఉండేది కాదు.

ప్రశ్న: ప్రమాదాలు లేకుండా 100 రోజులు గడిస్తే మొత్తం షిఫ్టుకి బహుమతి ఇస్తున్నాం. ఇందులో తప్పేముంది?
– ఒక భద్రతా పర్యవేక్షకుడు

98వ రోజున వేలు తెగిన మనిషి ఏం చేస్తాడో ఆలోచించండి. జేబులో చెయ్యి పెట్టుకుని ఇంటికి పోతాడు, లేదా తోటివాళ్లే చెప్పొద్దంటారు. ప్రమాదాలు తగ్గవు, ప్రమాదాల కాగితాలు తగ్గుతాయి. బహుమతిని తిరగేయండి: ‘తృటిలో తప్పింది’ అని రాసిచ్చిన ప్రతి నివేదికకీ, సరిచేసిన ప్రతి లోపానికీ ఇవ్వండి. మొదటి రెండు నెలలు నివేదికల సంఖ్య పెరుగుతుంది. పెరగాలి కూడా. యాజమాన్యం కంగారుపడకుండా ఈ మాట వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మాకు బహుమతులకి బడ్జెట్ అసలు లేదు. ఉత్త మెప్పుతో పని జరుగుతుందా?
– ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్త

కొంతవరకు జరుగుతుంది. జర్మన్ వికీపీడియాలో కొత్తగా చేరి రాస్తున్నవాళ్లలో యాదృచ్ఛికంగా ఎంచిన కొందరికి పైసా విలువ లేని ఒక గుర్తింపు పతకం ఇచ్చి చూసింది జానా గాలస్ అనే పరిశోధకురాలు. 2017లో ప్రచురించిన ఫలితం ప్రకారం వాళ్లలో కొనసాగినవాళ్లు 20 శాతం ఎక్కువ, ఆ ప్రభావం ఏడాది పాటు నిలిచింది. మీలాంటి చోట, అంటే డబ్బు కోసం కాకుండా పని కోసమే వచ్చేవాళ్లున్న చోట, ఇది ఇంకా నప్పుతుంది.

మెప్పులో పని, దాని ఫలితం రెండూ ఉండాలి. ‘బాగా చేశావమ్మా’ అంటే మరుసటి రోజుకి ఆవిరైపోతుంది. ‘నిన్న నువ్వు జాబితా మళ్లీ సరిచూడటం వల్ల రెండుసార్లు నమోదైన పేర్లు దొరికాయి, లేకపోతే సరుకు చాలేది కాదు’ అంటే నిలుస్తుంది. నలుగురిలో మెచ్చుకోవడం అందరికీ ఇష్టం ఉండదు. ముందే ఒక మాట అడిగి ఉంచుకోండి, కొందరికి చీటీ చాలు. సూచనల పెట్టె పెడితే ప్రతి సూచనకీ 10 పనిదినాల్లో జవాబు వెళ్లాలి, కుదరదన్న జవాబైనా సరే, కారణంతో. టయోటాలో 1951లో మొదలైన సూచనల పథకం ఇంతకాలం నడుస్తోందంటే చిన్న సూచనల్ని కూడా తీసుకుని అమలు చేయడం వల్లే. జవాబు రాని పెట్టె కంటే పెట్టె లేకపోవడం నయం.

ప్రశ్న: పాయింట్లు ఇచ్చిపుచ్చుకునే యాప్ కొనమని ఒక కంపెనీ వెంటపడుతోంది. కొనాలా?
– ఒక ఐటీ సంస్థ అడ్మిన్

50 మందిలోపు అయితే ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. అంతకు మించితే, లేదా మనుషులు పలుచోట్ల ఉంటే ఆలోచించవచ్చు. తలకింత అని నెలవారీ చందా ఎంతవుతుందో లెక్కేయండి. బహుమతుల మొత్తంలో ఐదో వంతు దాటుతుంటే వద్దు. కేటలాగ్‌లో వస్తువుల ధరలు బయటి ధరలతో పోల్చి చూడండి, చాలా చోట్ల అక్కడే ఎక్కువ గుంజుతారు. వాడని పాయింట్లు మీ ఖాతాల్లో బాకీగా కూర్చుంటాయి కాబట్టి గడువు ఎంతో, ఉద్యోగం మానేస్తే ఏమవుతాయో మొదటే రాసుకోండి. ‘నువ్వు నాకివ్వు, నేను నీకిస్తా’ జంటలు తప్పకుండా తయారవుతాయి. నెలకోసారి ఇచ్చిపుచ్చుకున్న జతల రిపోర్టు తీయగలిగే యాప్ అయితేనే తీసుకోండి.

ప్రశ్న: ఆరేళ్లుగా నడుస్తున్న ఒక ఇన్సెంటివ్‌ను ఆపాలి. దాని వల్ల ఇప్పుడేమీ ఒరగడం లేదు. గొడవ లేకుండా ఎలా?
– ఒక హెచ్‌ఆర్ మేనేజర్

ఆరేళ్లు నడిచినది జనం మనసులో ఇన్సెంటివ్ కాదు, జీతం. దాన్ని ఆపడం జీతం కోయడంలాగే తగులుతుంది. పైగా ముందే చెప్పి ఇచ్చే బహుమతికి ఇంకో గుణం ఉంది. మనస్తత్వవేత్త మార్క్ లెప్పర్ బృందం 1973లో బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగంలో, గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు ఒకటి రెండు వారాల తర్వాత, ప్రశంసాపత్రం మాట లేనప్పుడు, మిగతావాళ్లలో సగం సేపే గీశారు. చెప్పకుండా ప్రశంసాపత్రం ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. ఫ్యాక్టరీ పనికి దీన్ని నేరుగా అతికించలేం గానీ, ఇష్టంతో చేసే పనుల మీద ఉన్న ఇన్సెంటివ్‌ని ఆపినప్పుడు పాత ఇష్టం తిరిగొస్తుందని లెక్కపెట్టుకోవద్దు.

మొదట ఒప్పందాలు, నియామక పత్రాలు, యూనియన్‌తో రాసుకున్న కాగితాలు తీసి అది హామీగా రాసి ఉందేమో చూడండి. ఉంటే ఏకపక్షంగా ఆపడం చట్టంతో గొడవ, న్యాయవాదితో మాట్లాడాకే కదలండి. లేకపోయినా సరే, సగటున ఒక్కో మనిషికి గడిచిన 12 నెలల్లో ఎంత అందిందో లెక్కేసి, అందులో కనీసం సగాన్ని మూల జీతంలో కలపగలరేమో చూడండి. కలిపితే పింఛను, గ్రాట్యుటీ లాంటి వాటి ఖర్చు కూడా పెరుగుతుంది కాబట్టి ఆ అంకె కూడా వేసుకోవాలి. కనీసం మూడు నెలల ముందు తేదీ ప్రకటించండి, ఆ తేదీ వరకు సంపాదించుకున్నది పూర్తిగా చెల్లించండి. ప్రకటన కంటే ముందు సూపర్‌వైజర్లకి కారణం చెప్పి, వాళ్లకొచ్చే ప్రశ్నలకి జవాబులు రాసివ్వండి. నోటీసు బోర్డు చూసి వాళ్లూ అప్పుడే తెలుసుకుంటే మీ తరఫున మాట్లాడేవాళ్లు ఒక్కరూ ఉండరు. అదే రోజు కొత్త పథకం ప్రకటించవద్దు, పాతదాన్ని లాక్కుని తక్కువది అంటగట్టారనే అంటారు. రెండు మూడు నెలల వ్యవధి ఉంచండి. ఈలోగా రీవర్క్, ఫిర్యాదులు, రాజీనామాలు వారంవారం నమోదు చేస్తూ ఉండండి. ఉత్పత్తి అంకెలో తేడా కనిపించడానికి చాలా ముందే అవి కదులుతాయి.